యెరూషలేము నుంచి తెచ్చిన కాసు, షెకెలు, మట్టి ప్రమిద: ఏది నిజం, ఏది నకిలీ

ముందు ఒక్క మాట. ఆ చిన్న రాగి కాసును చింతపండు, ఉప్పు పెట్టి ఇంకోసారి తోమవద్దని ఈ రోజే మీ అమ్మగారికి చెప్పండి. మిగతావన్నీ నిదానంగా మాట్లాడుకోవచ్చు.

మీరు రాసినదాన్ని బట్టి విషయం ఇదీ. మీ నాన్నగారు చర్చివాళ్ళతో కలిసి హోలీ ల్యాండ్ యాత్రకు వెళ్ళి, యెరూషలేము పాత నగరం బజారులో మూడు వస్తువులు కొన్నారు. ఒకటి, సువార్తలో బీద విధవరాలు కానుక పెట్టెలో వేసిన కాసు ఇలాంటిదేనని చెప్పి అమ్మిన చిన్న రాగి నాణెం. రెండోది, యేసును పట్టిచ్చినందుకు యూదా ఇస్కరియోతుకు ఇచ్చిన ముప్పై వెండి నాణేలు ఈ రకమేనని చెప్పి అమ్మిన పెద్ద వెండి నాణెం, అంటే షెకెలు. దానికి వెల్వెట్ డబ్బా, బంగారు రంగు సీలు ఉన్న సర్టిఫికెట్ కూడా ఇచ్చారు. మూడోది మట్టి ప్రమిద. ఇవి ఒరిజినలేనా, ఎంత చేస్తాయి, డల్లాస్‌లో ఉన్న మీ అన్నయ్య ఈసారి వచ్చినప్పుడు వెండి నాణెం వెంట తీసుకెళ్ళవచ్చా అని అడిగారు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. రాగి కాసు దాదాపు ఖాయంగా నిజమైనదే. వెండిది నకిలీ. ప్రమిద సంగతి ఫోటోలతో తేలదు. నల్లగా, వంకరగా ఉన్నది అసలుదై, డబ్బాలో మెరుస్తున్నది నకిలీ కావడం చాలామందికి మింగుడు పడదు. కానీ తూర్పు మధ్యధరా నాణేల విషయంలో ఇది తరచూ జరిగేదే, దానికి గట్టి కారణాలున్నాయి.

కాసు దగ్గర మొదలుపెడతాను. మీ ఫోటోలో ఒక వైపు లంగరు కనిపిస్తోంది. దాని చుట్టూ గ్రీకు అక్షరాలు ఉండాలి, సగం చెరిగిపోయాయి. రెండో వైపు ఒక వలయం, అందులో నక్షత్రం. నక్షత్రానికి ఎనిమిది కిరణాలు ఉండాలి, మీదాంట్లో ఐదే పడ్డాయి, మిగతావి బిళ్ళ దాటి బయటికి పోయాయి. ఇది అలెగ్జాండర్ యన్నయ్ అనే యూదు రాజు వేయించిన నాణెం. గ్రీకు వీరుడు అలెగ్జాండర్‌కు ఇతనికి సంబంధం లేదు. హస్మోనియను వంశంవాడు, క్రీ.పూ. 104 నుంచి 76 దాకా యూదయను పాలించాడు, రాజూ ప్రధాన యాజకుడూ ఆయనే. లంగరు గుర్తు ఆయన సొంత ఆలోచన కాదు, సిరియాను ఏలిన సెల్యూకిడ్ రాజులది. క్రీ.పూ. 132 ప్రాంతంలో ఏడవ ఆంటియోకస్ పేరుతో యెరూషలేములో వేసిన చిన్న రాగి నాణేల మీదే ఈ లంగరు కనిపిస్తుంది, రెండో వైపు లిల్లీ పువ్వుతో. యన్నయ్ సముద్ర తీరపు పట్టణాలను గెలిచాక అదే లంగరును తన పేరు పక్కన పెట్టుకున్నాడు. నక్షత్రం చుట్టూ ఉన్న వలయం రాజు నుదుటికి కట్టుకునే పట్టీ. కిరణాల మధ్య పాత హెబ్రీ లిపిలో ‘యెహోనాతాను రాజు’ అని ఒక్కో అక్షరం వేరువేరుగా ఉంటుంది. భూతద్దం పెట్టి చూడండి, ఒకటో రెండో దొరకవచ్చు.

‘ఇంత అధ్వాన్నంగా ముద్రించిన నాణెం రాజుగారిదెలా అవుతుంది’ అని మీరు అడిగారు. ఆ అధ్వాన్నమే దానికి సాక్ష్యం. ఈ కాసులను ఎలా చేసేవారో మనకు బాగానే తెలుసు, ఎందుకంటే సుద్దరాయి మూసలే తవ్వకాల్లో దొరికాయి. పలక మీద వరసగా గుండ్రటి గుంటలు తొలిచి, గుంటకూ గుంటకూ మధ్య సన్నటి కాలువ చెక్కేవారు. కరిగిన కంచు, అంటే తగరం కలిపిన రాగి, పోస్తే బిళ్ళలన్నీ ఒకదానికొకటి అంటుకుని పట్టీలా వచ్చేవి. ఆ పట్టీని అచ్చు మీద పెట్టి టకటకా కొట్టుకుంటూ పోయి, తర్వాత ఒక్కోదాన్నీ నరికేవారు. అందుకే ఈ కాసులకు ఎదురెదురుగా రెండు చోట్ల చిన్న మొండి ముక్కలు పొడుచుకు వచ్చి ఉంటాయి. మీ ఫోటోలో పైన ఒకటి స్పష్టంగా ఉంది, కింద రెండోది కొద్దిగా అరిగింది. బొమ్మ పక్కకు జరిగి పడటం, అంచు వంకర, ఒకచోట మందం ఇంకోచోట పలచన, ఇవన్నీ ఆ హడావుడి పనివల్లే. నకిలీ చేసేవాడు సాధారణంగా ఇంత వంకరగా చేయడు, కొనేవాడికి నచ్చదని.

పైగా దీన్ని నకిలీ చేస్తే గిట్టుబాటు కాదు. యన్నయ్ కాసులు లెక్కలేనన్ని ముద్రించారు. గోలాను కొండల్లోని గమ్లా అనే ఊరు క్రీ.శ. 67లో రోమన్ సైన్యానికి పడిపోయింది. అక్కడి తవ్వకాల్లో వేల నాణేలు బయటపడితే, వాటిలో ఎక్కువ భాగం హస్మోనియను కాసులే. అంటే యన్నయ్ చనిపోయి 140 ఏళ్ళు దాటాక కూడా జనం చేతుల్లో ఇవి తిరుగుతూనే ఉన్నాయి. విధవరాలి కాసుల కథను ఈ నాణెంతో ముడిపెట్టడానికి ఆధారం అదే. మార్కు సువార్త ఆమె వేసినవి అన్నింటికంటే చిన్న నాణేలని చెబుతుంది, ఏ రాజు ముద్రించినవో చెప్పదు. యేసు కాలంలో యెరూషలేములో చలామణిలో ఉన్న అతి చిన్న రాగి నాణేల్లో యన్నయ్ పేరున్నవి చాలా ఉన్నాయి కాబట్టి అవి ఇలాంటివే అయ్యుంటాయన్నది సబబైన ఊహ. ‘ఆమె వేసిన కాసు ఇదే’ అని ఎవరైనా అంటే నమ్మకండి. ‘ఆమె చేతిలో ఉన్నవి ఇలాంటివి’ అంటే అభ్యంతరం చెప్పనక్కర్లేదు.

ఇప్పుడు చింతపండు సంగతి. మన ఇళ్ళలో రాగి, ఇత్తడి బిందెలకు అది మంచి వైద్యమే. ఇరవై శతాబ్దాలు మట్టిలో ఉన్న కంచుకు మాత్రం విషం. నాణెం మీద ఉన్న ముదురు ఆకుపచ్చ, నలుపు, గోధుమ రంగు పొర మురికి కాదు. లోహం మట్టితో, నీటితో కలిసి శతాబ్దాల పాటు తనకు తాను కట్టుకున్న కవచం అది. చాలాసార్లు అక్షరాలూ బొమ్మా ఆ పొరలోనే మిగిలి ఉంటాయి, దాని కింద లోహం గుల్లబారి ఉంటుంది. చింతపండు పులుపు ఆ పొరను తినేస్తుంది. మీ రెండో ఫోటోలో నక్షత్రం పక్కన ఎర్రగా, కొత్త రాగిలా కనిపిస్తున్నది అదే, పొర పోయిన చోటు. ఉప్పు చేసే హాని ఇంకా పెద్దది. ఉప్పులో ఉండే క్లోరైడ్ లోహపు రంధ్రాల్లోకి చేరితే, తేమ తగిలినప్పుడల్లా లోపల ఆమ్లం పుట్టి కంచును కొరుకుతుంది, ఆ కొరకడంలోంచి మళ్ళీ క్లోరైడే బయటికి వస్తుంది. ఆగకుండా తిరిగే చక్రం అది. దీన్ని కంచు రోగం అంటారు. పైకి లేత ఆకుపచ్చ రంగులో, సుద్దపొడిలా చుక్కలు లేస్తాయి. గోటితో గీస్తే రాలుతుంది. ముదురు ఆకుపచ్చగా, గట్టిగా, నున్నగా ఉంటే భయం లేదు. లేతగా, పొడిపొడిగా ఉంటే రోగం పట్టిందని లెక్క.

చేయాల్సింది ఇది. కాసును డిస్టిల్డ్ వాటర్‌లో నానబెట్టండి. బ్యాటరీలకు పోసే నీళ్ళు అమ్మే చోటే దొరుకుతుంది, ఆమ్లం కలిపినది కాకుండా ఒట్టి నీళ్ళు అడగండి. రెండు మూడు రోజులకోసారి నీళ్ళు మార్చుతూ కొన్ని వారాలు ఉంచండి. కుళాయి నీళ్ళు వద్దు, అందులో క్లోరిన్ ఉంటుంది. తర్వాత మెత్తటి గుడ్డతో అద్ది, పూర్తిగా ఆరబెట్టి, సిలికా జెల్ పొట్లాలతో సహా గట్టి మూత ఉన్న డబ్బాలో పెట్టండి. మీ గుంటూరు గాలిలోనే తేమ తక్కువేమీ కాదు. విశాఖ, కాకినాడ వైపు ఉన్నవాళ్ళయితే సిలికా జెల్ లేకుండా కంచు నాణెం ఉంచనే కూడదు. ఆ పొట్లాలను అప్పుడప్పుడూ వేడి చేసి తేమ పోగొట్టాలి. మెత్తటి పీవీసీ కవర్లలో పెట్టకండి, వాటి నుంచి జిగురు ఊరి నాణేన్ని పాడు చేస్తుంది. లేత పొడి మళ్ళీ మళ్ళీ లేస్తుంటే ఇంట్లో ప్రయోగాలు ఆపి, మ్యూజియం కన్జర్వేషన్ పని తెలిసినవాళ్ళకు చూపించండి. దానికి వాడే బెంజోట్రయజోల్ అనే మందు ఉంది కానీ అది ఒంటికి మంచిది కాదు, ఇంట్లో వాడే వస్తువు కాదు.

వెండి నాణేనికి వద్దాం. ముప్పై వెండి నాణేలంటే ఏ నాణేలో సువార్త చెప్పలేదు. అయితే యెరూషలేము దేవాలయానికి చెల్లింపులన్నీ తూరు పట్టణపు వెండిలోనే జరిగేవి. ప్రతి యూదు మగవాడూ ఏటా కట్టాల్సిన అర షెకెలు పన్ను కూడా తూరు ప్రమాణంలోనే. అందుకే యాజకులు ఖజానా నుంచి తీసి ఇచ్చినవి తూరు షెకెళ్ళే అయ్యుంటాయని ఎక్కువమంది పండితుల అభిప్రాయం. తూరు ఇప్పటి లెబనాన్ తీరంలో ఉంది. క్రీ.పూ. 126లో స్వతంత్ర పట్టణమై, అప్పటి నుంచి క్రీ.శ. 66 ప్రాంతం దాకా ఈ నాణేలు వేసింది. ముందు వైపు మెల్కార్ట్ అనే తూరు దేవుడి తల. వెనక ఓడ ముక్కు మీద నిలబడ్డ గద్ద, చుట్టూ ‘పవిత్రమైన, ఎవరూ తాకరాని తూరుది’ అని గ్రీకులో. అన్యదేవత బొమ్మా, పక్షి బొమ్మా ఉన్న నాణేన్ని దేవాలయంలో ఎలా తీసుకున్నారని చాలామందికి అనుమానం వస్తుంది. కారణం ఒక్కటే, వెండి శుద్ధి. ఆ కాలంలో అంతియొకయలో వేసే వెండి నాణేల్లో కల్తీ పెరుగుతూ ఉంటే, తూరు మాత్రం నూటికి తొంభై పైన వెండిని నిలబెట్టింది. యూదుల మిష్నా గ్రంథం ప్రకారం అదారు నెల 15న ఊళ్ళలో, 25న దేవాలయంలో రూకలు మార్చేవాళ్ళ బల్లలు వేసేవారు. మార్చినందుకు చిన్న రుసుము తీసుకునేవారు. యేసు పడదోసిన బల్లలు ఆ కోవకు చెందినవే.

తూరు షెకెలు బరువు 14 గ్రాముల చుట్టుపక్కల ఉంటుంది. చేతులు మారి బాగా అరిగినది 13 దాకా దిగవచ్చు. మీ కంసాలి కాటా మీద మీది 11.6 గ్రాములు తూగిందని రాశారు. ఇక్కడే సగం తేలిపోయింది. బొమ్మ అరగలేదు, బరువు మాత్రం తగ్గింది. అరగని నాణెం రెండు గ్రాములకు పైగా ఎలా పోగొట్టుకుంటుంది?

మిగతా సగం మీ మూడో ఫోటోలో ఉంది. అంచును నిలబెట్టి తీసినందుకు సంతోషం, చాలామంది ఆ ఫోటోనే పెట్టరు. అంచు మధ్యలో చుట్టూ సన్నటి గీత, దాని మీద ఆకురాయితో రాసిన గుర్తులు కనిపిస్తున్నాయి. రెండు సగాల మూసలో పోత పోసి, అతుకు కనిపించకుండా రాశారు. పాతకాలపు టంకశాలలో బిళ్ళను రెండు అచ్చుల మధ్య పెట్టి సుత్తితో కొట్టేవారు. కొట్టినప్పుడు లోహం బయటికి పారుతుంది, అక్షరాల కాళ్ళు అంచు వైపు సాగినట్టుంటాయి, అంచున చిన్న పగుళ్ళు వస్తాయి, బొమ్మ చుట్టూ ఉన్న ఖాళీ జాగా గట్టిగా, బిగువుగా ఉంటుంది. పోత నాణెంలో ఈ బిగువు ఉండదు. మీ ఫోటోలో గద్ద రెక్క దగ్గర చూడండి, ఈకలన్నీ కరిగి ఒకదానిలో ఒకటి కలిసినట్టున్నాయి. మెల్కార్ట్ మెడ కింద సూదిమొన అంత గుంటలు నాలుగైదు ఉన్నాయి, అవి గాలి బుడగలు. నలుపు కూడా పల్లాల్లో మాత్రమే, రుద్దినట్టు సమానంగా ఉంది. ముందు పూసి తర్వాత మిట్టలు తుడిస్తే అలా వస్తుంది.

ఇంకో మాట. యేసు కాలం నాటి తూరు షెకెళ్ళు ఇంత అందంగా ఉండవు. మొదటి వందేళ్ళ నాణేల్లో మెల్కార్ట్ ముఖం నిజంగా చూడముచ్చటగా ఉంటుంది. క్రీ.పూ. 18 తర్వాత గద్దకు కుడి పక్కన కప్పా, రో అనే రెండు గ్రీకు అక్షరాలు మొదలవుతాయి. అప్పటి నుంచి పనితనం మోటుగా మారింది, బిళ్ళ చిన్నదై మందమైంది. తేదీ గద్దకు ఎడమ వైపు, గద గుర్తు దగ్గర గ్రీకు అంకెల్లో ఉంటుంది. రో అంటే 100, క్సీ అంటే 60. తూరు స్వతంత్రమైన ఏడాది నుంచి లెక్కపెట్టిన 160వ సంవత్సరం అంటే మన లెక్కలో క్రీ.శ. 34-35. మీ నాణెం మీద ముఖం తొలినాళ్ళదిలా ఉంది, తేదీ మాత్రం యేసు కాలానిది. రెండు వేరువేరు అసలు నాణేల నుంచి ముందు వైపు ఒకటి, వెనక వైపు ఒకటి తీసి మూస చేసినప్పుడు ఇలా జరుగుతుంది.

నా మాట మీద ఆధారపడకుండా మీరే చూసుకోవాలంటే ఒక పరీక్ష ఉంది. 0.01 గ్రాము చూపించే కాటా మీద గ్లాసుతో నీళ్ళు పెట్టి కాటాను సున్నాకు తేండి. నాణేన్ని సన్నటి దారంతో కట్టి, గ్లాసు అడుగుకు గానీ పక్కలకు గానీ తగలకుండా నీళ్ళలో పూర్తిగా ముంచి పట్టుకోండి. కాటా మీద కనిపించే అంకెతో నాణెం బరువును భాగించండి. స్వచ్ఛమైన వెండికి 10.5 వస్తుంది, తూరు వెండికి అంతకు కొంచెం తక్కువ. మీ 11.6 గ్రాముల నాణెం మంచి వెండిదైతే కాటా 1.1 దగ్గర చూపాలి. 1.4 చూపిందంటే భాగిస్తే 8.3 వస్తుంది, అది వెండి పూత వేసిన చవక లోహం. అయితే 10.4 వచ్చినంత మాత్రాన అసలుదని కాదు. మంచి వెండితోనే నకిలీలు చేసేవాళ్ళున్నారు. ఈ పరీక్ష దొంగను పట్టిస్తుంది, దొరకు సర్టిఫికెట్ ఇవ్వదు.

ఒక హెచ్చరిక. పాత వెండి నాణేన్ని రాతి మీద పడేసి మోత విని చెప్పే అలవాటు మన పెద్దవాళ్ళకు ఉంది. మట్టిలో అంతకాలం ఉన్న వెండి లోపల స్ఫటికాలుగా మారి పెళుసెక్కుతుంది. పైకి గట్టిగా కనిపించే అసలు నాణెం కింద పడి రెండు ముక్కలు కావచ్చు. మీది నకిలీ కాబట్టి ఏమీ కాదు కానీ ఆ పద్ధతి ఎవరికీ చెప్పకండి.

మోసపోయామని మీ నాన్నగారు బాధపడుతున్నారని రాశారు. ఆయనకు ఈ సంగతి చెప్పండి. నాణెం పుట్టినప్పటి నుంచీ నకిలీ ఉంది, దాని కోసం చట్టాలు చేసిన పాలకులూ ఉన్నారు. ఏథెన్స్‌వాళ్ళ గుడ్లగూబ నాణెం మధ్యధరా అంతటా చెల్లేది. లారియన్ గనుల వెండి, 17.2 గ్రాముల బరువు, అందరికీ నమ్మకం. అందుకే దానికి నకిలీలూ ఎక్కువే. క్రీ.పూ. 375లో నికోఫోన్ అనేవాడు పెట్టిన చట్టం చెక్కిన రాతిపలక 1970లో ఏథెన్స్ అగోరా, అంటే పాతకాలపు బజారు, తవ్వకాల్లో దొరికింది. బజారులో రూకలు మార్చే బల్లల మధ్య ప్రభుత్వ బానిస ఒకడు కూర్చుని నాణేలు పరీక్షించాలి. లోపల రాగో సీసమో ఉంటే అక్కడికక్కడే అడ్డంగా నరికి, దేవతలందరికీ తల్లిగా గ్రీకులు కొలిచే దేవత గుడికి జమ చేయాలి. పరీక్ష చేసేవాడు తన పని సరిగ్గా చేయకపోతే వాడికి యాభై కొరడా దెబ్బలు. ఈనాటికీ చాలా గుడ్లగూబ నాణేల మీద లోతైన ఉలి గాటు కనిపిస్తుంది, లోపల కూడా వెండేనా అని ఎవరో చూసిన గుర్తు. కొత్తగా సేకరించేవాళ్ళు గాటు ఉన్నదాన్ని తీసుకోరు. నాకైతే ఆ గాటంటే ఇష్టం, ఎవరో వ్యాపారి అనుమానపడి, తృప్తిపడి జేబులో వేసుకున్నాడని అది చెబుతుంది.

పంతొమ్మిదో శతాబ్దం మొదట్లో జర్మనీలో కార్ల్ విల్‌హెల్మ్ బెకర్ అనే అతను ఎంత గొప్ప అచ్చులు చెక్కాడంటే ఆయన నాణేలు మ్యూజియాలనే మోసం చేశాయి. కొత్త నాణేలను ఇనుప రజను, జిడ్డు వేసిన పెట్టెలో పోసి, గుర్రబ్బండికి కట్టి ఊరంతా తిప్పి వాటికి ముసలితనం తెచ్చేవాడు. యూదుల షెకెలు పేరుతో జర్మనీలోని గోర్లిట్స్ పట్టణంలో అమ్మిన నకిలీలు అంతకంటే పాతవి. వాటి మీద పొగ లేస్తున్న ధూపపాత్ర, ఆకుల కొమ్మ, ఈనాటి చదరపు హెబ్రీ అక్షరాలు ఉంటాయి. యూదులు రోము మీద చేసిన క్రీ.శ. 66-70 తిరుగుబాటు కాలపు అసలు షెకెలు మీద పానపాత్ర, మూడు దానిమ్మ మొగ్గలు, పాత హెబ్రీ లిపి ఉంటాయి. మీ చర్చిలో ఎవరి దగ్గరైనా ధూపపాత్ర ఉన్న షెకెలు ఉంటే అది యాత్రికుల జ్ఞాపిక, అంతే.

ఇక సర్టిఫికెట్. మీరు పెట్టిన కాగితం అమ్మినవాడు తనకు తాను రాసుకున్నది. దాని మీద లైసెన్సు నంబరు లేదు, నాణెం బరువు లేదు, ఫోటో లేదు, ఎక్కడి నుంచి వచ్చిందో లేదు. ఇజ్రాయెల్‌లో 1978 పురావస్తు చట్టం ప్రకారం క్రీ.శ. 1700కు ముందు మనిషి చేసిన వస్తువు పురావస్తువు. లైసెన్సు ఉన్న వ్యాపారి మాత్రమే అమ్మాలి, దేశం దాటించాలంటే పురావస్తు శాఖ రాతపూర్వక అనుమతి ఉండాలి. నికార్సైన వ్యాపారి ఆ అనుమతి కాగితం తానే తెప్పించి ఇస్తాడు. మీ నాన్నగారి రాగి కాసుకు అది ఉందో లేదో బిల్లు కాగితాల్లో వెతకండి. కాసు ఎంత చిన్నదైనా కాగితం అవసరమే.

తుర్కియే, ఈజిప్టు, జోర్డాన్, గ్రీసు వైపు వెళ్ళే మనవాళ్ళకు ఇంకా గట్టిగా చెబుతాను. తుర్కియేలో 1983 నాటి చట్టం, ఈజిప్టులో అదే ఏడాది వచ్చిన 117వ నంబరు చట్టం పురావస్తువులను దేశం దాటించనివ్వవు. ఎఫెసు శిథిలాల దగ్గర ఎవరో చాటుగా చేతిలో పెట్టి ‘ఇప్పుడే తవ్వాం’ అని అమ్మే నాణెం నకిలీ అయితే డబ్బు పోతుంది. అసలుదైతే ఎయిర్‌పోర్టులో పరువు, స్వేచ్ఛ రెండూ పోతాయి. రెండూ వద్దు.

దొంగచాటు తవ్వకం అంటే నాకు మంట ఎందుకో ఒక ఉదాహరణ. 1984లో తుర్కియేలోని ఎల్మాలి దగ్గర సుమారు 1900 వెండి నాణేల నిధి దొరికింది. ఏథెన్స్ వేసిన అత్యంత అరుదైన పది ద్రాఖ్మాల (ద్రాఖ్మా గ్రీకుల డబ్బు కొలత) నాణేలు ఒక్క ఈ నిధిలోనే డజనుకు పైగా ఉన్నాయి. అది దేశం దాటి అమెరికా చేరింది. ఏళ్ళ తరబడి కోర్టు నడిచాక 1999లో చాలా భాగం తిరిగి వచ్చింది. నాణేలు వచ్చాయి. అవి ఏ కుండలో, ఏ పొరలో, వేరే ఏ వస్తువుల పక్కన ఉన్నాయో ఆ సమాచారం ఎప్పటికీ రాదు. గమ్లాలో కాసులు దొరికిన చోటు తెలుసు కాబట్టే యన్నయ్ నాణేలు క్రీ.శ. 67లోనూ వాడకంలో ఉన్నాయని చెప్పగలిగాం. అదే కాసు బజారులో దొరికితే ఆ మాట చెప్పడానికి వీల్లేదు.

డల్లాస్ ప్రశ్న. వెండిది కొత్త నకిలీ కాబట్టి పురావస్తు చట్టం దాని జోలికి రాదు. అయినా పాత నాణెంలా కనిపించేదాన్ని సామానులో పెట్టుకుంటే ఎయిర్‌పోర్టులో టెన్షన్ తప్పదు. రాగి కాసు సంగతి వేరు. మన 1972 పురావస్తువుల చట్టం వందేళ్ళు దాటిన నాణేన్ని పురావస్తువుగానే చూస్తుంది, ప్రైవేటు వ్యక్తులు దాన్ని దేశం బయటికి పంపడం నిషేధం, శిక్ష మూడేళ్ళ జైలు దాకా ఉంది. ‘ఇది మనదేశం నాణెం కాదు కదా’ అనే వాదన ఎయిర్‌పోర్టులో వినిపించి చూడాలని అనుకోకండి. మీ అన్నయ్యకు కావాలంటే భారత పురావస్తు శాఖవాళ్ళను ముందుగా రాతపూర్వకంగా అడగండి, లేదంటే కాసు మీ ఇంట్లోనే ఉండనివ్వండి.

ధర గురించి ఎక్కువ చెప్పడానికి లేదు. యన్నయ్ కాసు, ఇలాంటి స్థితిలో, విదేశీ మార్కెట్లో కొన్ని పదుల డాలర్లు. తోమడం వల్ల ఇంకొంచెం తగ్గింది. అసలు తూరు షెకెలు స్థితిని బట్టి కొన్ని వందల డాలర్ల నుంచి వెయ్యి పైదాకా పోతుంది, అందుకే దాని నకిలీలకు అంత గిరాకీ. మీదానికి ధర లేదు.

ప్రమిద గురించి రెండు ముక్కలు. ఆకారం హేరోదు రాజవంశ కాలపు దీపానిదే: చక్రం మీద చేసిన గుండ్రటి బొజ్జ, విడిగా చేసి అతికించి కత్తితో చెక్కిన మూతి. అసలుదైతే మూతి పక్కల కత్తి చెక్కిన చదును తలాలు కనిపించాలి. వత్తి కాలిన మసి మట్టి లోపలికి ఇంకి ఉండాలి. ఉపరితలం మీద సున్నపు పొర గట్టిగా పట్టి, మొక్కల వేళ్ళ జాడలు సన్నటి గీతల్లా ఉండవచ్చు. అడుగున ఎవరికీ కనిపించని చోట తడి దూదితో రుద్దండి. మట్టి వెంటనే బురదలా కరిగి, కింద కొత్త ఎర్రమట్టి కనిపిస్తే అది జిగురుతో అంటించిన దుమ్ము. పక్కల పొడవునా మూస గీత కనిపించినా అనుమానించండి, ఈ రకం దీపాలు మూసలో చేసినవి కావు.

మీ నాన్నగారికి యేసు కాలపు అసలు నాణెం ఒకటి ఉండాలన్న కోరిక ఇంకా ఉంటే, షెకెలు వెంట పడవద్దు. యేసు కాలంలో యూదయను ఏలిన రోమన్ అధిపతి పొంతి పిలాతు వేయించిన రాగి కాసులున్నాయి. రోమన్ చక్రవర్తి తిబెరి కైసరు ఏలుబడి 16, 17, 18వ సంవత్సరాలవి, అంటే క్రీ.శ. 29 నుంచి 32 మధ్యవి. వాటి మీద రోమన్ పూజారులు వాడే గరిటె గానీ, వంకీ కర్ర గానీ ఉంటుంది, సంవత్సరం నాణెం మీదే రాసి ఉంటుంది. సువార్తల కాలానికి ఇంత దగ్గరగా తేదీ ఉన్న నాణేలు అరుదు, అయినా షెకెలులో చిన్న భాగం ధరకే దొరుకుతాయి. లైసెన్సున్న వ్యాపారి దగ్గర, ఎగుమతి అనుమతితో, బరువు, ఫోటో ఉన్న బిల్లుతో కొంటేనే.

కొనకుండా చూడాలంటే మన హైదరాబాద్ చాలు. ‘కైసరువి కైసరునకు’ అన్న మాటలోని పన్ను నాణెంగా చెప్పే తిబెరి వెండి దేనారం యూదయ తవ్వకాల్లో కంటే దక్షిణ భారతంలో దొరికిన నిధుల్లోనే ఎక్కువ కనిపిస్తుంది. మిరియాలకు, బట్టలకు బదులుగా అలెగ్జాండ్రియా, ఎర్ర సముద్రం మీదుగా వచ్చిన వెండి అది. నల్గొండ జిల్లాలో అగస్టస్, తిబెరి దేనారాల నిధులు బయటపడ్డాయి. పబ్లిక్ గార్డెన్స్‌లోని రాష్ట్ర మ్యూజియం సేకరణలో రోమన్ నాణేలున్నాయి. మీ నాన్నగారిని ఒకసారి తీసుకెళ్ళండి. సుత్తితో కొట్టిన అసలు వెండి ఎలా ఉంటుందో చూసి వచ్చాక డబ్బాలోని షెకెలును పక్కన పెట్టి చూస్తే తేడా ఆయనే చెప్పేస్తారు.

కాసును నీళ్ళలో వేసే ముందు రెండు వైపులా మళ్ళీ ఫోటోలు తీసి ఇక్కడ పెట్టండి. ఫ్లాష్ వద్దు, కిటికీ పక్కన పెట్టి వెలుతురు ఒక వైపు నుంచి ఏటవాలుగా పడేలా తీయండి. నక్షత్రం వైపు కిరణాల మధ్య ఏ అక్షరం మిగిలిందో చదివి చెబుతాను. ప్రమిద మూతిని రెండు పక్కల నుంచీ, అడుగునూ కూడా తీయండి.